రెండో గొంతు

“గొంతులో గరగర వచ్చేసిందమ్మా,” అన్నాడు మాస్టారు ఫోనులో, రేపట్నించి పాలు వెయ్యనని పాలవాడు చెప్పినంత తేలిగ్గా.

ఆమె అప్పుడు దుప్పట్ల మధ్య నిలబడి ఉంది. బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులో మూడు వైపులా దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మైకు నిలబెట్టుకున్న చోటు అది. మైకు పక్కన చిన్న బల్ల, బల్ల మీద కంప్యూటరు తెర, కింద దాని డబ్బా. అత్తగారు దాన్ని గుడారం అంటుంది. ఆ గుడారంలో నిలబడే ఆమె మూడేళ్ళుగా మాస్టారు కట్టే పాటలన్నిటికీ వెనక గొంతు పాడుతోంది. మొదటి గొంతు ఎవరో ఆమెకు తెలియదు. మూడో గొంతు ఎవరో అసలే తెలియదు. ఎవరింట్లో వాళ్ళు పాడి పంపితే మాస్టారు తన గదిలో కూర్చుని కలుపుకుంటాడు. ఆయన నోట ఎవరికీ పేరుండదు. ఈమె రెండో గొంతు, అంతే.

ఆదివారం పంపిన నాలుగు పాటలూ పనికి రావన్నాడు. వయసన్నాడు, ఎవరి చేతిలోనూ లేదన్నాడు. కొత్త అమ్మాయి ఒకరు దొరికారట. శుక్రవారం నుంచి పన్నెండు పాటల పని మొదలవుతుందట. గురువారం, సామాన్లు బిగించే స్క్రూలన్న వచ్చి కార్డు విప్పుకుపోతాడట.

కార్డంటే సౌండు కార్డు. మైకులో పాడింది కంప్యూటరుకి అందేది దాని ద్వారానే. అందరి గొంతులూ ఒకే తీరులో అందాలని మాస్టారు తన దగ్గర పాడేవాళ్ళందరికీ ఒకే రకం కార్డు, ఒకే రకం మైకు ఇస్తాడు. పని పోయిన మనిషి దగ్గర్నుంచి అవి వెనక్కి తెప్పించి, తరవాత వచ్చే మనిషికి బిగిస్తాడు. మనుషులు మారతారు గానీ కార్డు మారదు.

“కార్డులో ఏమన్నా తేడా ఉందేమో మాస్టారూ,” అంది ఆమె.

ఆయన నవ్వాడు. “కార్డుది తప్పయితే మీరు పాడనప్పుడు కూడా గరగరలాడాలి కదమ్మా. మీరు ఊరుకుంటే అంతా నిశ్శబ్దం. నోరు తెరిస్తేనే గరగర. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్న చెవులివి.”

ఫోను పెట్టేశాక ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆదివారం పాడింది విన్నది. ఆయన చెప్పింది నిజమే. చరణానికీ చరణానికీ మధ్య చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం. తన గొంతు మొదలవగానే దాని అంచున ఇసుక రాసినట్టు గరగర. గొంతు ఆగగానే అదీ ఆగిపోతోంది. నాలుగు పాటలూ అంతే. నలభై రెండేళ్ళకే గొంతు పోవడమేమిటని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక, ఎండిన బట్టలు తెచ్చి మంచం మీద విసిరికొట్టింది.

మంగళవారం పొద్దున్నే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నాలుక బయటకు లాగి పట్టుకుని, లైటు వేసి, చిన్న అద్దం లోపలికి పెట్టి చూశాడు. పుండు లేదు, వాపు లేదు, అంతా శుభ్రంగా ఉందన్నాడు. మరి గరగర ఎందుకని అడిగితే ఆమె వయసెంతో కాగితం మీద చూసి, కొంత మార్పు సహజమే అన్నాడు. ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నాడు. మళ్ళీ వయసే. ఏదో ఒకటి అనాలి గనక అందరికీ చేతికి దొరికేది తన వయసే అన్నట్టుంది వీళ్ళ వరస.

ఇంటికొచ్చి ఉప్పు నీళ్ళు పుక్కిలించింది. పాడింది, విన్నది. గరగర. మైకు తీగ మార్చింది. గరగర. ఫ్యాను ఆపింది, ట్యూబులైటు ఆపింది, ఫ్రిజ్ తీగ పీకేసింది. చెమటలు కారుతుంటే పాడింది. గరగర. స్క్రూలన్నకి ఫోను చేసింది. మాస్టారి మనుషులందరి ఇళ్ళలోనూ కార్డులు బిగించేది ఆయనే. పని చేస్తున్నంతసేపూ నాలుగు స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుంటాడు గనక ఆ పేరు. ఏదన్నా పాట పెట్టి స్పీకర్లో వినిపించమన్నాడు. పెట్టింది. ఫోనులోనే విని, పాట శుభ్రంగా వస్తోంది, కార్డు భేషుగ్గా ఉంది చెల్లెమ్మా అన్నాడు. వినిపించడం వేరు, పాడింది లోపలికి తీసుకోవడం వేరు అని ఆమెకు తోచలేదు. ఆయనకు తోచాలి, తోచలేదు.

సాయంత్రం భర్త అంతా విన్నాడు. పోనీలే, ఇక హాయిగా ఉండొచ్చు, మంచానికి దుప్పట్లన్నా దొరుకుతాయి అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఆమె ఆ పూట అతనితో మాట్లాడలేదు.

బుధవారం మధ్యాహ్నానికి అదే పల్లవి పందొమ్మిదిసార్లు పాడింది. శ్రుతి దిగలేదు, ఊపిరి చాలకపోవడం లేదు, కింది స్వరం ఎప్పటిలాగే నిండుగా పలుకుతోంది. దుప్పట్లలో పాడుతున్నప్పుడు తన చెవికి అంతా సవ్యంగానే ఉంది. హెడ్‌ఫోన్లలో మాత్రం ఇసుక. ఇక తన చెవిని కూడా నమ్మకూడదేమో అనిపించడం మొదలైంది. అన్నిటికంటే ఆమెను తినేసింది అదే. గొంతు పోతే పోయింది, పోయిన సంగతి కూడా తెలియనంత మొద్దయిందా చెవి?

అత్తగారు ఉప్పు నీళ్ళ గ్లాసుతో గుడారంలోకి తల పెట్టింది. “నాకు నీ గొంతు బాగానే ఉందే.”

“మీకు వినపడదుగా అత్తయ్యా.”

“వినపడనిదాన్ని నేనే బాగుందంటుంటే, వినపడేవాళ్ళకి ఏమొచ్చింది మాయరోగం?”

ఇంకోరోజయితే నవ్వేది. ఆరోజు మాత్రం మూడు రోజుల కోపం ఒక్కసారి అరచేతిలోకి దిగింది. బల్లని ఫెడీమని కొట్టింది. తెర అదిరింది, గ్లాసులో నీళ్ళు తొణికాయి. అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రికార్డింగు ఆపలేదని అప్పుడు చూసుకుంది. ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది. ఆపింది. ఆ ముక్క చెరిపేద్దామనుకుని, చెరిపేముందు అలవాటు కొద్దీ ఒకసారి విన్నది.

ఫెడీమన్న దెబ్బ. దాని వెనకే, బల్ల మోత సన్నగిల్లుతున్నంతసేపూ, అదే గరగర. తన గొంతులోని గరగరే. అచ్చంగా అదే. మోత ఆగగానే అదీ ఆగిపోయి నిశ్శబ్దం.

మళ్ళీ విన్నది. నాలుగుసార్లు విన్నది. తరవాత చెంచాతో గ్లాసు మీద కొట్టింది. చప్పట్లు కొట్టింది. లావుపాటి పుస్తకం నేలమీద పడేసింది. వంటింట్లోంచి అత్తగారిని పిలుచుకొచ్చి మైకు ముందు దగ్గమంది. ఆవిడ ఎందుకని అడగకుండా బ్రహ్మాండంగా దగ్గింది. అన్నిట్లోనూ గరగర ఉంది. గ్లాసుకి ఏం వయసొచ్చింది? పుస్తకానికి ఏం గొంతు పోయింది?

అయితే మరి మధ్యలో ఈ నిశ్శబ్దం ఎక్కడిది? ఆమె తెర మీద వరసగా ఉన్న గుండీలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. చివర్న ఒకటి పచ్చగా వెలుగుతోంది. గేటు అని దాని పేరు. మూడేళ్ళ కిందట స్క్రూలన్న అన్నీ అమర్చి వెళుతూ, అది మాస్టారు పెట్టమన్న గుండీ అనీ, దాన్ని ముట్టుకోవద్దనీ చెప్పాడు. పాట లేనప్పుడు వీధి చప్పుళ్ళు వినపడకుండా ఆ గేటు మూసుకుపోతుంది. ఏదన్నా గట్టిగా మోగితే తెరుచుకుంటుంది. ఆమె ముట్టుకోలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకుంది. గుండీ ఆరిపోయింది. ఆమె నోరు మూసుకుని, ఊపిరి కూడా బిగబట్టి ఒక నిమిషం రికార్డు చేసింది. విన్నది. ఆ నిమిషమంతా గరగరే. ఎవరూ పాడలేదు, ఎవరూ దగ్గలేదు. గరగర తనంతట తను హాయిగా కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ గేటు వెనక దాక్కుని, ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఆమెతోపాటు బయటికొచ్చి, ఆమె గొంతులోంచే వచ్చానని నమ్మబలికింది.

ఆమె స్టూలు మీద కూలబడింది. ముందు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అది తుడుచుకునేలోపే కోపం వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్న చెవులట. గేటు పెట్టమన్నది ఆయనే, పెట్టిన సంగతి మరిచిపోయిందీ ఆయనే, ఆ గేటు చేసిన నిశ్శబ్దాన్ని సాక్ష్యంగా చూపించి గొంతు పోయిందన్నదీ ఆయనే.

ఆ ఒక్క నిమిషాన్ని ఆయనకు పంపింది. గంట తరవాత ఫోను చేసి, గేటు ఎవరు తియ్యమన్నారమ్మా, అలా తీస్తే చెత్తంతా వస్తుంది కదా అన్నాడు. చెత్త ఎక్కణ్ణుంచి వస్తోందో వినండి అని ఆమె అంటే, పనిలో ఉన్నానని, రేపు స్క్రూలన్నకి చూపించమని పెట్టేశాడు.

గురువారం స్క్రూలన్న పదింటికల్లా సంచీతో వచ్చాడు. కార్డు విప్పుకుపోవడానికే వచ్చాడు గనక చెప్పులు విడుస్తూనే నేరుగా కంప్యూటరు డబ్బా వైపు నడిచాడు. ఆమె అడ్డంగా నిలబడింది. హెడ్‌ఫోన్లు ఆయన చేతిలో పెట్టి, ముందు ఇది వినమంది. ఆయన విన్నాడు. ఇందులో ఎవరు పాడుతున్నారు అన్నా అని అడిగింది. ఎవరూ పాడట్లేదు చెల్లెమ్మా అన్నాడు, మొహం వాడిపోయింది.

డబ్బా పక్క రేకు విప్పాడు. నాలుగు స్క్రూలు పెదాల మధ్యకు పోయాయి. కార్డు బయటికి లాగి, బ్రష్షుతో దుమ్ము దులిపి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టి చూశాడు. మైకు తీగ దూర్చే సాకెట్టుని వేలితో కదిపాడు. అది ఆడింది. వెనక్కి తిప్పి, సాకెట్టు కాళ్ళు కార్డుకి అతుక్కున్న చోట చూశాడు. అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

“ఏమైంది?” అంది ఆమె.

స్క్రూలు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. సాకెట్టు కాలి చుట్టూ అతుకు పగిలిందని చెప్పాడు. వెంట్రుకంత పగులు. డబ్బా లోపలి ఫ్యాను తిరిగే అదురుకి కాలు ఆడుతోంది, గరగర అక్కడిది. చూడమని భూతద్దం ఇచ్చాడు. ఆమె చూసింది. వెండి రంగు చుక్క చుట్టూ నల్లటి ఉంగరంలా పగులు. కానీ ఆ చుక్క మిగతావాటిలా లేదు. మిగతావి చిన్నగా, నున్నగా ఉన్నాయి. ఇది మాత్రం లావుగా, వంకరగా, ఎవరో చేత్తో పెట్టినట్టుంది.

“ఇది ఎవరు పెట్టారు?”

స్క్రూలన్న నీళ్ళు నమిలాడు. “నేనే పెట్టా. మీకు బిగించే ముందు. ఆ ఇంట్లోంచి విప్పి తెచ్చినప్పుడే సాకెట్టు కాస్త ఆడుతోంది.”

“ఏ ఇంట్లోంచి?”

“మీకంటే ముందు పాడినావిడ.”

“ఆవిడ ఎందుకు మానేసింది?”

ఆయన నేల చూపులు చూశాడు. “గొంతు పోయిందన్నారు. గరగర వచ్చిందని.”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాస్టారు మొదటిసారి ఫోను చేసి, పాతావిడ గొంతు పోయింది, మీరు పాడతారా అని అడిగిన రోజు గుర్తొచ్చింది. అయ్యో పాపం అన్నది. అంటూనే ఎన్ని దుప్పట్లు కావాలో లెక్క వేసుకుంది. వయసయ్యాక తప్పుకోవాలి, పట్టుకుని వేలాడకూడదు అని ఆ సాయంత్రం భర్తతో తనే అంది. ఆ మాట ఇప్పుడు కారంలా తగిలింది.

“సాకెట్టు ఆడుతోందని తెలిసి, చుక్క పెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదా అన్నా?”

“సాకెట్టు ఆడితే చెప్పడానికేముంది చెల్లెమ్మా. నా పని బిగించడం. గొంతుల సంగతి నాకేం తెలుసు?”

ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది. సంచీలోంచి అతుకులు వేసే సాల్డరింగు కడ్డీ తీసి, వేడెక్కేదాకా దానివైపే చూస్తూ కూర్చున్నాడు. పాత చుక్క మొత్తం కరిగించి పీల్చేశాడు. కాళ్ళు శుభ్రం చేసి, నాలుగు కాళ్ళకీ కొత్త అతుకు వేశాడు. పొగ వాసన గుడారమంతా నిండింది. మళ్ళీ బిగించి, ఆన్ చేసి, ఆమె వైపు చూశాడు. ఆమె గేటు ఆరిపోయి ఉందని చూసుకుని బల్లని ఫెడీమని కొట్టింది. విన్నారు. దెబ్బ, మోత, తరవాత ఉత్త గది. దూరంగా వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు, అది కూడా ముత్యంలా పడింది. తరవాత పల్లవి పాడింది. ఇసుక లేదు.

ఆ పల్లవి పంపితే మాస్టారు విని, చూశారా ఎంత చిన్న విషయమో అన్నాడు. అయితే శుక్రవారం నుంచి మీరే పాడండి, ఆ అమ్మాయికి ఏదో చెప్పేస్తాను అన్నాడు. నాలుగు రోజులు మిమ్మల్ని బాధపెట్టానన్న మాట ఆయన నోట రాలేదు. ఆమె పాతావిడ సంగతి ఎత్తింది. ఎవరూ అన్నాడు. గుర్తు చేస్తే, ఓ, ఆవిడా, ఎప్పటి మాట అది, ఇప్పుడెందుకు తవ్వుకోవడం అన్నాడు.

పాతావిడ ఇల్లు స్క్రూలన్నకి తెలుసు. మూడు వీధులవతల, లాండ్రీలో పనిచేస్తుందని చెప్పాడు. మూడు వీధులు. మూడేళ్ళలో ఎన్నిసార్లు ఆ లాండ్రీ ముందు నుంచి నడిచి ఉంటుందో. ఆ మధ్యాహ్నమే వెళ్ళింది.

యాభై దాటిన మనిషి, గుబురు కనుబొమలు, చేతుల మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు. తనెవరో చెప్పగానే ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, మీ పాటలన్నీ విన్నాను, కింది స్వరం బాగా పట్టుకుంటారు అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఈమె జరిగిందంతా చెప్పింది. కార్డు, పగులు, గేటు, బల్ల. ఆవిడ మడత పెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

“నేను ఇంట్లో కూడా మానేశాను,” అంది చివరికి. “మనవరాలు పాడమని ఏడ్చినా పాడలేదు. పోయిన గొంతు పిల్లకెందుకు వినిపించాలని.”

రేపు పొద్దున మా ఇంటికి రండి అక్కా అంది ఈమె. ఆవిడ వస్తాననలేదు, రాననలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి వచ్చింది. చీర కొత్తది కాదు గానీ ఇస్త్రీ గీత చెదరలేదు. గుడారంలోకి వంగి వెళ్ళి, మైకుని చూడగానే గుర్తుపట్టి, దాని మెడ దగ్గరున్న పాత గీతని వేలితో తడిమింది. అది నావల్లే పడింది అంది. అత్తగారు మంచినీళ్ళు తెచ్చింది, ఈసారి ఉప్పు లేకుండా. ఆవిడ రెండు గుక్కలు తాగి, కళ్ళు మూసుకుని, మాస్టారి పాత పాట ఒకటి ఎత్తుకుంది.

మొదటి మాటలోనే స్వరం ఒణికింది. రెండో పాదం సగంలో ఊపిరి తెగింది. ఒకప్పుడు ఆవిడ నిలబెట్టిన కింది స్వరం దగ్గరికి వెళ్ళలేక మధ్యలోనే జారిపోయింది. అయినా చరణం పూర్తి చేసింది. హెడ్‌ఫోన్లకి ఇద్దరూ చెరో వైపు చెవి పెట్టి విన్నారు. గొంతు అంచున, మొదట్నుంచి చివరిదాకా, గరగర.

“కార్డు ఇంకా బాగవలేదా?” అంది ఆవిడ.

అడగడంలో ఎంత ఆశ ఉందంటే, ఈమెకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. లేదక్కా, ఇంకా ఆడుతోంది, స్క్రూలన్నని పిలుస్తాను అనేస్తే చాలు. కానీ ఆ గదిలో అప్పటికే చాలా అబద్ధం చెల్లింది. ఆమె రికార్డింగు నొక్కి, అరచేత్తో బల్లని కొట్టింది. వినిపించింది. దెబ్బ, మోత, శుభ్రమైన గది.

ఆవిడ చివరిదాకా విని హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“అప్పుడు లేదు,” అంది. “ఇప్పుడొచ్చింది.”

ఆవిడ ఏడవలేదు. గొంతు పోయిందని ఒక మనిషికి చెప్పి, మూడేళ్ళు నోరు మూయించి, చెప్పిన మాటని నిజం చేశారు. ఏ కడ్డీ పెట్టి దీన్ని కరిగించాలి? ఎవరిని పిలవాలి?

ఫోను మోగింది. మాస్టారు. మొదటి పాట పంపించానని, మధ్యాహ్నానికల్లా రెండో గొంతు కావాలని అన్నాడు.

“రెండో గొంతు ఇక్కడే ఉన్నారు మాస్టారూ,” అంది ఆమె. “మూడేళ్ళుగా పాడలేదు గనక సాధన చేస్తున్నారు. అయ్యేదాకా ఆగాలి.”

“ఎవరమ్మా? మరి మీరెవరు?”

“నేను ఆవిడ తరవాత వచ్చినదాన్ని. ఆగడం కుదరదంటే కార్డు స్క్రూలన్నకిచ్చి పంపిస్తాను. ఎవరికి బిగించినా ముందు గేటు తీసి బల్ల కొట్టి వినమనండి.”

అవతల మాట లేదు. అది నిజం నిశ్శబ్దమో, గేటు వేసుకున్న నిశ్శబ్దమో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కంప్యూటరు ఆపేసి, దుప్పట్లు మూడూ లాగి మంచం మీద పడేసింది. ఇల్లంతా వెలుతురొచ్చింది. వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది.

“శ్రుతి కాస్త పెంచుకోండి అక్కా,” అంది ఈమె. “కింది స్వరానికి మెల్లగా దిగుదాం.”

ఆవిడ ఎత్తుకుంది. గరగరలాడింది. ఈమె కూడా పక్కన నిలబడి అదే స్వరం పట్టుకుంది, ఇద్దరూ ఆపలేదు.